తిరిగి రావడానికి ముందే అనుమతి

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు రోజులు పుట్టింటికి పోవాలంటే మనం ఎన్ని పనులు చక్కబెట్టుకుంటామో మీకు చెప్పనక్కరలేదు. పాలవాడికి వద్దని చెప్పాలి, గ్యాసు కట్టెయ్యాలి, మిగిలిన పెరుగు పక్కింట్లో ఇచ్చెయ్యాలి, తులసమ్మకు నీళ్ళు పొయ్యమని ఎదురింటి వదినగారికి అప్పజెప్పాలి. తాళంచెవి ఒకటి ఆమె దగ్గరే వుంచి, రెండోది కొంగున ముడేసుకుని మరీ బయలుదేరతాం. ఇవాళ నేను మాట్లాడబోయేది కూడా అలాంటి తాళంచెవి గురించే. కాకపోతే ఇది పరాయి దేశంలో కాపరం పెట్టుకున్నవాళ్ళు అక్కడినుంచి కదిలేముందు కొంగున ముడేసుకోవలసిన తాళంచెవి. దాన్ని రీ ఎంట్రీ పర్మిట్ అంటారు. మన మాటల్లో తిరుగు అనుమతి అందాం.

"నేనుండేది చిక్కడపల్లిలో, నాకెందుకండీ ఈ గొడవ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మీ అమ్మాయో అబ్బాయో అమెరికాలోనో గల్ఫులోనో లేరూ? కోడలు పురిటికని మీరు వెళ్ళి రావడం లేదూ? "అమ్మా, నీకూ నాన్నకూ గ్రీన్‌కార్డు పెడతాను" అని అబ్బాయి ఫోనులో అనలేదూ? అయితే ఈ గొడవ మీదే. ఇంకో మాట కూడా చెప్పాలి. దేశాల మధ్య ఎక్కువగా తిరగవలసి వచ్చేది ఆడవాళ్ళకే. పురుడు అక్కడ, అత్తగారి జబ్బు ఇక్కడ, చెల్లెలి పెళ్ళి ఇక్కడ, మనవడి అన్నప్రాశన అక్కడ. తిరిగేది మనం, కాగితాలు చూసేది మాత్రం మగవాళ్ళు. చిక్కు వచ్చేది అక్కడే.

నా పుట్టిల్లు పోచంపల్లి. మా చిన్నతనంలో నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లా. 1951 ఏప్రిల్‌లో వినోబాభావే వచ్చి కూర్చుంటే వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరాలు దానం చేసిన ఊరు. చిటికి చీరల ఊరు. తెల్లతోలు వాళ్ళు చీరలు చూడడానికి మా ఊరు వచ్చేవాళ్ళే గాని, మా ఊరివాళ్ళు వాళ్ళ దేశం పోవడం అప్పుడెక్కడిది? చీరాలలో నేసిన తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు పోయేవని మా తాత చెప్పేవాడు. గుడ్డకేం, ఒకసారి పోతే మళ్ళీ తిరిగి రానక్కరలేదు. మనుషులు పోవడం మొదలయ్యాకే ఈ కాగితాలన్నీ అవసరమైనాయి.

మా పెద్దమ్మ కథ చెబుతాను. దాంతో సగం సంగతి మీకే తెలిసిపోతుంది.

పెద్దమ్మకు ఆసు పోయడం తప్ప వేరే లోకం తెలియదు. ఆసు అంటే ఏమిటో పట్నం సోదరీమణులకు తెలియకపోవచ్చు. రంగు అద్దకముందు, అర్ధచంద్రాకారంగా మేకులు కొట్టిన చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ లెక్కగా వెయ్యాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు ఆడుతుందంటారు. ఆలేరు దగ్గర షార్జిపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు వాళ్ళమ్మ భుజాల నొప్పి చూడలేక దానికి యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. మా పెద్దమ్మకు ఆ యంత్రం వచ్చేసరికే వయసు మళ్ళింది. ఆ చేతులతోనే కొడుకును ఇంజనీరింగు చదివించింది. వాడు అమెరికా పోయి, స్థిరపడి, అక్కడి పౌరుడయ్యాక అమ్మకు కార్డు తెప్పించాడు. 2016లో పెద్దమ్మ విమానం ఎక్కింది.

2018 నవంబరులో చిన్న కూతురి పురిటికని పోచంపల్లికి వచ్చింది. నాలుగు నెలలుండి పోదామనే వచ్చింది. పురుడైంది, బాలసారె అయింది. ఇంతలో పెద్దనాన్నకు నడుం విరిగినంత పని అయింది, మంచం మీద నాలుగు నెలలు. ఆయన లేచి తిరిగేసరికి ఇల్లు మరమ్మతు పెట్టుకున్నారు. "ఎట్లాగూ వచ్చినం గద, దసరా చూసుకొని పోదాం" అన్నది. దసరా అయ్యాక సంక్రాంతి. అలా 14 నెలలైంది. 2020 జనవరిలో పచ్చళ్ళు, సకినాలు, మనవరాలికి పట్టులంగా సర్దుకుని శంషాబాదు పోయింది. కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు చూసింది, పాస్‌పోర్టు మీద ముద్ర చూసింది, లెక్కపెట్టింది. "అమ్మా, మీరు వచ్చి ఏడాది దాటింది. రీ ఎంట్రీ పర్మిట్ వుందా?" అన్నది.

"కార్డు ఉన్నది గద బిడ్డా! ఇంకా ఆరేండ్లు నడుస్తదని మా కొడుకు చెప్పిండు," అన్నది పెద్దమ్మ.

కార్డు మీద అచ్చువేసిన తేదీ నిజమే. కాని ఆ కార్డుతో తిరిగి లోపలికి రానిచ్చేది ఏడాదికి తక్కువ కాలం బయట వున్నవాళ్ళనే. ఏడాది నిండితే ఒట్టి కార్డు చాలదు. విమానం వాళ్ళు ఎక్కనివ్వలేదు. వాళ్ళను తప్పుపట్టలేం, రూలు అది. తెల్లవారుజామున ఆ పచ్చళ్ళ అట్టపెట్టెలతోనే పోచంపల్లి తిరిగొచ్చింది. ఊరంతా ఒకటే అడగడం, "ఏమైందే, ఎందుకు పంపలే?" అని. ఏదో తప్పు చేసి పట్టుబడ్డదానిలా తలుపు వేసుకుని కూర్చుంది మనిషి.

అసలు చెయ్యవలసింది ఏమిటో వినండి. అమెరికాలో గ్రీన్‌కార్డు వున్నవాళ్ళు ఏడాదికి పైగా బయట వుండవలసి వస్తుందేమోననే అనుమానం వుంటే, బయలుదేరకముందే ఫారం ఐ-131 అనే దరఖాస్తు పెట్టుకోవాలి. "ముందే" అనే మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. దరఖాస్తు పెట్టేనాటికి మనిషి అమెరికాలోనే వుండాలి. ఇక్కడికి వచ్చాక హైదరాబాదు నుంచి పెడతానంటే చెల్లదు. కొడుకు అక్కడ వున్నాడు కదా, వాడు పెడతాడు అంటే కూడా చెల్లదు. దరఖాస్తు అందాక వేలిముద్రలకు రమ్మని నోటీసు వస్తుంది. అవీ అక్కడే ఇవ్వాలి. కాబట్టి ప్రయాణానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోమని ఆ శాఖవారే చెబుతారు. వేలిముద్రలు ఇచ్చేస్తే ఇక పర్మిట్ చేతికి వచ్చేదాకా ఆగనక్కరలేదు. చూడడానికి పాస్‌పోర్టు పుస్తకంలా వుండే ఆ పర్మిట్‌ను మనం చెప్పిన అమెరికన్ కాన్సులేటుకు పంపమని దరఖాస్తులోనే కోరవచ్చు, లేదా కొడుకు ఇంటికి తెప్పించుకుని ఎవరైనా వస్తుంటే వాళ్ళచేత పంపించుకోవచ్చు. రుసుము మాత్రం మారుతుంటుంది, తక్కువేమీ కాదు. పెట్టేరోజున చూసుకోవాలి.

పర్మిట్ చెల్లేది రెండేళ్ళు. దాన్ని పొడిగించరు. మళ్ళీ కావాలంటే అక్కడికి పోయి మళ్ళీ పెట్టుకోవలసిందే. కార్డు వచ్చాక గడిచిన ఐదేళ్ళలో నాలుగేళ్ళకు పైగా బయటే వున్నవాళ్ళకు సాధారణంగా ఒక్క ఏడాదికే ఇస్తారు. అంటే "కార్డు పేరుకు వుండనీ, నేను మాత్రం పోచంపల్లిలోనే వుంటా" అంటే ఎంతోకాలం సాగదు.

ఇంకో అపోహ వున్నది. ఆరునెలలకోసారి పోయి మొహం చూపించి వస్తే చాలునని చాలామంది అనుకుంటారు. చాలదు. వాళ్ళు చూసేది నీ ఇల్లు ఎక్కడ అని. అక్కడ పన్ను లెక్కలు దాఖలు చేశావా, బ్యాంకు ఖాతా వున్నదా, మకాం ఎవరి దగ్గర, ఇవన్నీ అడగవచ్చు. పర్మిట్ వున్నా అడగవచ్చు. ఒక్కోసారి విమానాశ్రయంలో అధికారి ఐ-407 అనే కాగితం ముందుపెట్టి సంతకం చెయ్యమంటాడు. "నా నివాస హక్కును నేనే వదులుకుంటున్నాను" అని దానర్థం. ఇరవై గంటలు ప్రయాణం చేసి, కాళ్ళు వాచి, భాష రాక, పెట్టమన్నచోట వేలు పెట్టి వచ్చేసేవాళ్ళున్నారు. తెలియని కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ముందు చెప్పుకుంటాను అనే హక్కు కార్డు వున్నవాళ్ళకు వున్నది. ఆ ఒక్క ముక్కా మీ అమ్మగారిచేత ఇంగ్లీషులో పాఠంలా చెప్పించండి, నవ్వినా సరే.

పెద్దమ్మ సంగతికొస్తాను. పర్మిట్ లేకుండా ఏడాది దాటినవాళ్ళకు దారి బొత్తిగా లేకపోలేదు. తిరిగివచ్చే నివాసి వీసా అని వున్నది, ఎస్‌బి-1 అంటారు. కాన్సులేటులో అడగాలి. తిరిగి పోవాలనే ఉద్దేశంతోనే వచ్చాననీ, ఆలస్యం నా చేతిలో లేని కారణంవల్ల అయిందనీ రుజువు చెయ్యాలి. పెద్దనాన్న ఆసుపత్రి కాగితాలు నాలుగు నెలలకు వున్నాయి. మిగతా పది నెలలకు? పురుడూ, మరమ్మతూ, దసరా, సంక్రాంతీ ఏ ఆసుపత్రి రాసిస్తుంది? వకీలు చూసి పెదవి విరిచాడు. చివరికి కొడుకు మొదటినుంచి కొత్తగా దరఖాస్తు పెట్టాడు. ఇంతలో కరోనా వచ్చి కాన్సులేట్లు మూతపడ్డాయి. మళ్ళీ వైద్య పరీక్ష, మళ్ళీ బొంబాయిలో ఇంటర్వ్యూ. 2022లో గాని పెద్దమ్మ విమానం ఎక్కలేదు. 2020 వేసవిలో అక్కడ మనవడు పుట్టాడు. స్నానం పోసే చెయ్యి లేక కోడలు ఒక్కతే ఏడ్చుకుంటూ గడిపింది. పెద్దమ్మ వెళ్ళేనాటికి ఆ పిల్లవాడు ఎత్తుకోవడానికి రాలేదు, పరుగెత్తుకెళ్ళి సోఫా వెనక దాక్కున్నాడు.

"రంగుల ముంచకముందే చిటికి కట్టాలె గదనే. ముంచినంక ఎంత గట్టిగ కడితే ఏం ఫాయిదా?" అని తనే అన్నది ఒకరోజు. దారానికి ఎక్కడెక్కడ రంగు తగలకూడదో అక్కడ ముందే ముడి వేస్తారు మా ఊళ్ళో. ఆ పనిలోనే పుట్టి పెరిగిన మనిషికి ఈ కాగితాల రూలు నాకంటే త్వరగా అర్థమైంది. అర్థమయ్యేలా ముందుగా ఎవరూ చెప్పలేదు, అంతే. కొడుకు కోడలికి చెప్పాడట, కోడలు మామగారికి చెప్పిందట. ప్రయాణం చేసే మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక చిన్నవాళ్ళ సంగతి. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, ఆఖరి దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్నాం అనే దంపతులు మనవాళ్ళలో చాలామంది వున్నారు. వాళ్ళకు కావలసింది వేరే అనుమతి, అడ్వాన్స్ పెరోల్ అంటారు. ఫారం మాత్రం అదే ఐ-131. హెచ్-1, హెచ్-4 వంటి వీసాలు చెల్లుబాటులో వున్నవాళ్ళకు కొంత మినహాయింపు వున్నది. అది లేనివాళ్ళు ఈ అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. తండ్రి పోయాడని ఫోను వస్తే ఎవరు ఆగుతారు చెప్పండి? అందుకే అవసరం లేనప్పుడే పెట్టుకుని దగ్గర వుంచుకోవాలి. పెట్టెలో చీర వున్నట్టు అదీ వుంటుంది.

గల్ఫుకు వద్దాం. సౌదీలో పనిచేసేవాళ్ళకు మళ్ళీ లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికీ అనుమతి కావాలి. రెండూ కలిపి ఒకటే, ఖురూజ్-ఔదా అని మనవాళ్ళు కూడా అరబ్బీలోనే అంటారు. ఒక్క ప్రయాణానికి రెండు నెలల దాకా 200 రియాళ్ళు, ఆపైన నెలకు 100. ఒకప్పుడు ఇది పూర్తిగా కఫీలు దయ. ఆయన సరేనంటేనే సెలవు. 2021 మార్చి నుంచి ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు తామే ఫోనులో పెట్టుకునే వీలు కల్పించారు. కాని ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు, ఇంటి డ్రైవర్లకు ఆ వీలు వర్తించదు. అంటే కడపనుంచో గోదావరి జిల్లాలనుంచో వంటపనికి పోయిన ఆడమనిషికి తల్లి చావుబతుకుల్లో వున్నా యజమాని చెయ్యి చూడవలసిందే. కొత్త రూలు వచ్చిందని పత్రికల్లో చదివినప్పుడు అది ఎవరికి రాలేదో కూడా చదవాలి.

దుబాయి వైపు లెక్క వేరు. నివాస వీసా వున్నవాళ్ళు 180 రోజులు దాటి బయట వుంటే మామూలుగా ఆ వీసా పోతుంది. తగిన కారణం చూపించి, ఆలస్యమైన ప్రతి 30 రోజులకు 100 దిర్హాములు చెల్లించి, బయటినుంచే తిరుగు అనుమతి కోరే వీలు 2023 నుంచి కల్పించారు. అమెరికాకు దీనికి తేడా గమనించారా? ఒకచోట బయటినుంచి అడగవచ్చు, ఒకచోట అడగరాదు. కనుక "మా చెల్లెలికి దుబాయిలో ఇట్లా అయింది, నీకూ అట్లాగే" అనే సలహాలు చెవిన పెట్టకండి. కువైటులోనూ మామూలుగా ఆరు నెలల లెక్కే. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు సెలవు మీద వచ్చి ఇక్కడే చిక్కుకున్నవాళ్ళ గడువులు ఇంట్లో కూర్చుని వుండగానే కరిగిపోయాయి. కొన్ని దేశాలు గడువు పెంచాయి. అప్పటికే ఉద్యోగం పోయినవాళ్ళకు ఆ పెంపు దేనికి?

జపానులో వున్న పిల్లలకు చిక్కు తక్కువ. 2012 జులై నుంచి, ఏడాదిలోపు తిరిగి వచ్చేటట్టయితే వేరే పర్మిట్ అక్కరలేదు. విమానాశ్రయంలో ఇచ్చే చీటీమీద "తిరిగి వస్తాను" అనే గడిలో టిక్కు పెట్టాలి. ఆ ఒక్క టిక్కు మరచిపోతే నివాసం పోతుంది. చంకలో పిల్లాడూ, చేతిలో సంచీ వుండగా చీటీ నింపేది సాధారణంగా మనమే కనుక చెబుతున్నాను.

మన దేశంలోనూ ఈ పద్ధతి వున్నది సుమా. అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టుతో మన ఇంట్లో పెరుగుతున్న మనవడు చట్టం దృష్టిలో విదేశీయుడే! ఓసీఐ కార్డు వుంటే ఎన్నిసార్లయినా వచ్చిపోవచ్చు. ఒక్కసారికే చెల్లే వీసా మీద వచ్చి ఇక్కడ వుండిపోయినవాళ్ళు మాత్రం మధ్యలో సింగపూరో శ్రీలంకో సరదాగా పోయి రావాలంటే విదేశీయుల నమోదు కార్యాలయంలో ముందుగా తిరుగు వీసా తీసుకోవాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. భార్యను పండక్కని పుట్టింటికి తీసుకొచ్చి దింపి, ఆమె పాస్‌పోర్టూ కార్డూ తన సంచీలో వేసుకుని భర్త ఒక్కడే విమానం ఎక్కిన కథలు మీరు వినే వుంటారు. ఇలాంటి ఫిర్యాదుల కోసమే జాతీయ మహిళా కమిషన్ 2009లో ప్రవాస వివాహాలకు ఒక విభాగాన్ని పెట్టింది. గ్రీన్‌కార్డు వున్న ఆడపిల్లకు ఇలా జరిగితే, వచ్చి ఏడాది నిండకపోతే, ఐ-131ఏ అనే దరఖాస్తుతో కాన్సులేటులో ప్రయాణ అనుమతి అడగవచ్చు. కార్డు చేతిలో లేకపోయినా అడగవచ్చు. ఏడాది నిండితే ఆ దారి మూసుకుపోతుంది. పెద్దమనుషుల పంచాయతీలు, "ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం" అనే రాయబారాలు సరిగ్గా ఆ ఏడాదినే తినేస్తాయి. హెచ్-4 మీద పోయిన పిల్లకు ఈ అవకాశం కూడా లేదు, ఆమె వీసా అంతా భర్త ఉద్యోగం మీదే నిలబడి వుంటుంది. అందుకని అమ్మాయిని పంపేటప్పుడు నగల జాబితా రాసుకున్నట్టే పాస్‌పోర్టు, వీసా, కార్డు రెండువైపులా ఫోటోలు తీసి అమ్మ దగ్గర ఒక కాపీ వుంచండి. ఏ దేశం ఏ తేదీన వదిలామో, ఏ తేదీన అడుగుపెట్టామో రాసుకునే చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టండి. చాకలి పద్దు రాసుకునే చేతికి ఇది పెద్ద పనేమీ కాదు.

మా పెద్దమ్మ ఇప్పుడు ఆ పుస్తకం తనే రాస్తుంది, తెలుగు అంకెల్లో. పోచంపల్లిలో పెద్దనాన్న ఒక్కడే వుండలేకపోతున్నాడని ఈసారి ఏడాదిన్నర వుండేలా వస్తోంది. రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టించింది. మొన్న ఫోను చేసి, వేలిముద్రలు ఇచ్చి వచ్చానని చెప్పింది. మిషను నాలుగైదు సార్లు తీసుకోలేదట. ఆసు దారం అరగదీసిన వేళ్ళు కదా! అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ నొక్కి పట్టి, చివరికి పడ్డాయి అన్నదట.

"నా గీతలన్నీ పోచంపల్లి చీరెలల్ల పొయినయి బిడ్డా అని చెప్పిన. ఆ పిల్లకు తెలుగు రాదు, నవ్వింది," అన్నది పెద్దమ్మ.